ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు విలియంలు. మావారి పూర్వీకుడు ఎవరో తేల్చేదెలా?

డోర్సెట్_కోడలు
మావారి వాళ్లది ఇంగ్లండులో డోర్సెట్ కౌంటీ, స్టర్‌మిన్‌స్టర్ న్యూటన్ దగ్గర ఓ పల్లె. తరతరాలుగా వ్యవసాయ కూలీలు. మా మామగారికి ఎనభై దాటాయి. వంశవృక్షం తేల్చిపెట్టమ్మా అని నన్ను పట్టుకున్నారు. సర్టిఫికెట్లు, జనాభా లెక్కలు చూసుకుంటూ 1851 దాకా సాఫీగానే వచ్చాను.

అక్కడ ఆగిపోయింది. 1851 లెక్కల్లో విలియం, వయసు 54, కూలీ, పుట్టింది ఆ పారిష్‌లోనే (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) అని ఉంది. చర్చి బాప్తిస్మపు రిజిస్టరు తీస్తే అదే ఇంటిపేరుతో ఇద్దరు విలియంలు తేలారు. 1796 నవంబరులో జాన్, మేరీల కొడుకు ఒకడు. 1797 ఆగస్టులో థామస్, ఆన్‌ల కొడుకు ఇంకొకడు. మా విలియంకి సారాతో 1821లో అదే చర్చిలో పెళ్లయింది. ఆ ఎంట్రీలో తండ్రి పేరే లేదు.

వంశవృక్షాల వెబ్‌సైట్లో ఇప్పటికే నలుగురైదుగురు ఈ కుటుంబం చెట్టు పెట్టేశారు. అందరూ జాన్ కొడుకే అంటున్నారు. జాన్ నుంచి 1600ల దాకా లాక్కుపోయారు కూడా. ఎందుకు జాన్ అనుకున్నారో ఒక్కరూ రాయలేదు. మామగారు అది చూసి మురిసిపోతున్నారు, నాకేమో మనసొప్పడం లేదు. ఎలా తేల్చాలి?

లీడ్స్_శ్రీను
54 ఏళ్లంటే 1796 నవంబరు పిల్లాడే కదండీ. ఆ ఏడాది లెక్కలు మార్చి 30 రాత్రికి రాశారు. 97 ఆగస్టు వాడికి అప్పటికి 53 నిండి ఉంటాయి, అంతే. ఇంకా అనుమానం ఏముంది?

పాతకాగితం
శ్రీను గారూ, అప్పటి కూలీలు వయసు అంత కచ్చితంగా చెప్పేవాళ్లు కాదు. ఒకే మనిషి ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య ఏడేళ్లే పెరగడం, పన్నెండేళ్లు పెరగడం రెండూ మామూలే. 1841 లెక్కలైతే మరీ. పదిహేను దాటినవాళ్ల వయసుని అయిదు దగ్గరికి దించి రాయమన్నారు. 44 ఏళ్లవాడు 40 అవుతాడు.

ఇంకో సంగతి. రిజిస్టరులో ఉన్నది బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ కాదు. కొన్ని కుటుంబాలు వారంలో తీసుకెళ్లేవి, కొన్ని ఏడాదీ రెండేళ్లూ ఆగేవి. 97 ఆగస్టులో చర్చికి తెచ్చిన పిల్లాడు 96లోనే పుట్టి ఉండొచ్చు. వయసుతో ఇది తెగదు.

బందరు_బాబ్జీ
జాన్, థామస్, విలియం, మళ్లీ జాన్. ఊరంతా నాలుగు పేర్లతో నెట్టుకొచ్చారేంటండీ వీళ్లు 😀 మా వీధిలో ముగ్గురు సుబ్బారావులుంటేనే పోస్ట్‌మేన్ తల పట్టుకునేవాడు.

డోర్సెట్_కోడలు
బాబ్జీ గారూ, ఆడవాళ్ల పేర్లు ఇంకా కష్టం. మేరీ, ఆన్, ఎలిజబెత్, సారా. అందులోనూ తల్లి పుట్టింటి ఇంటిపేరు ఎక్కడా రాయలేదు. ఉత్త 'జాన్, మేరీల కొడుకు' అంతే. మేరీ ఎవరి పిల్లో ఏం తెలుస్తుంది?

వీణ_ఎడిన్‌బరో
అక్కా, ఈ విషయంలో స్కాట్లండ్ చాలా నయం. ఇక్కడి పాత పారిష్ రిజిస్టర్లలో తల్లి పుట్టింటి పేరు మామూలుగానే రాసేవాళ్లు. మా అత్తగారి వైపు వెతికినప్పుడు దానివల్లే సగం పని అయిపోయింది. కాకపోతే సర్కారు సైటులో పేజీ పేజీకీ డబ్బు కట్టాలి.

పాతకాగితం
ఇంగ్లండు రిజిస్టర్లలో ఏ కాలానికి ఏం దొరుకుతుందో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

రిజిస్టర్లు పెట్టమని థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు ఇచ్చింది 1538లో. మొదట కాగితాల మీద రాశారు. 1598లో వాటిని తోలు పత్రాల మీదికి ఎక్కించమన్నారు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి. అందుకే చాలా ఊళ్ల రిజిస్టర్లు 1558తోనే మొదలవుతాయి, అంతకు ముందువి పోయాయి. అప్పటి నుంచే ఏటా ఒక నకలు బిషప్పు కచేరీకి పంపాలన్న నియమం కూడా వచ్చింది. మీ ఊరి రిజిస్టరు చెదలు తిన్నా, తడిసినా ఆ నకలు ఆదుకోవచ్చు. కొన్నిసార్లు అసలులో లేని ముక్క నకల్లో ఉంటుంది.

1754 మార్చి నుంచి పెళ్లిళ్లకి అచ్చు ఫారం వచ్చింది. వధూవరుల సంతకాలో నిశానీలో, సాక్షుల పేర్లు అందులో ఉంటాయి. 1813 నుంచి బాప్తిస్మాలకి, సమాధులకి కూడా అచ్చు పుస్తకాలు ఇచ్చారు. తండ్రి ఏం పని చేసేవాడో, చనిపోయినవాళ్ల వయసెంతో అప్పటి నుంచి తప్పకుండా తెలుస్తుంది. పెళ్లి ఎంట్రీలో తండ్రి పేరు రావడం మాత్రం 1837 జులై నుంచే. మీ విలియం పదహారేళ్లు ముందే పెళ్లి చేసుకున్నాడు, ఏం చేస్తాం.

కాబట్టి మీరు చూడాల్సింది సమాధుల రిజిస్టరు. ఇద్దరు విలియంలలో ఒకడు చిన్నప్పుడే పోయాడేమో ముందు చూడండి. బతికున్నాడని తేలకుండా ఎవరినీ పూర్వీకుడిగా ఒప్పుకోకూడదు.

వరంగల్_వెంకట్
గింత కష్టం ఎందుకక్కా, డీఎన్‌ఏ టెస్టు చేపిస్తే అయిపాయె కదా. మీ మామకు చేపియ్యి.

వీణ_ఎడిన్‌బరో
వెంకట్ అన్నా, జాన్, థామస్ ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు. అన్నదమ్ములో, పెదనాన్న చిన్నాన్న పిల్లలో అయ్యుంటారు. మగవాళ్ల వరసలో వచ్చే వై క్రోమోజోమ్ ఇద్దరికీ ఒకటే ఉంటుంది. అది వీళ్లలో ఎవరో చెప్పలేదు. మామూలు టెస్టులో అన్ని తరాల వెనక అన్న కొడుకా తమ్ముడి కొడుకా అన్నది విడదీయడం చాలా కష్టం. ఈ ముడి కాగితంతోనే విప్పాలి.

లీడ్స్_శ్రీను
చెట్లు పెట్టిన నలుగురూ తప్పంటారా? కొందరు ఇరవై ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాళ్లు అయ్యుంటారు.

పాతకాగితం
నలుగురు విడివిడిగా వెతికి ఒకే చోటికి వచ్చారా, ఒకరు పెట్టింది ముగ్గురు బటన్ నొక్కి తెచ్చుకున్నారా? రెండోదే ఎక్కువ జరుగుతుంది. ఆధారం చూపని చెట్లు వంద ఉన్నా నా లెక్కలో సున్నా.

గుంటూరు_ఎస్తేరు
నాది ఇంగ్లండు కథ కాదు గానీ చెప్పాలనిపించింది. గుంటూరులో లూథరన్ మిషన్ పని మొదలైంది 1842లో, హేయర్ దొరగారితో. మా ముత్తాతది తెనాలి వైపు పల్లె, ఆయన బాప్తిస్మం ఎంట్రీ సంఘం రిజిస్టరులో దొరికింది. పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, పల్లె పేరు, చేయించిన పాస్టరుగారి సంతకం ఉన్నాయి. మా పెద్దలు ఆయన పేరు దావీదు అని మాత్రమే చెప్పేవారు. అంతకు ముందు పేరేంటో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆ పుస్తకం లేకపోతే ఆ పేరు పూర్తిగా పోయేది. కోడలు గారూ, వదలకండి. ఉంటుంది.

కరణంగారి_మనవడు
ఎస్తేరు గారన్నది నిజం. మన వైపు పొలం ఉన్నవాళ్ల పేర్లు కాగితాల్లో దొరుకుతాయి. 1860ల ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో (ఇనాం భూముల పుస్తకాలు) ఇనాందారుడి పేరు, వారసుల పేర్లు ఉంటాయి. కాశీకి వెళ్లగలిగిన వాళ్ల పేర్లు పండాల (అక్కడి తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే యాత్రికుల వంశాలు రాసే పుస్తకాల్లో ఉంటాయి. ఆ పొలంలో దున్నిన పాలేరు పేరు ఎక్కడా ఉండదు. ఇంగ్లండులో పూట గడవని కూలీ పిల్లాడికీ ఒక తేదీ, ఒక లైను ఉందంటే నాకు ఆశ్చర్యంగానూ ఉంది, అసూయగానూ ఉంది.

పాతకాగితం
ఉంది గానీ అందరికీ లేదు. 1783 అక్టోబరు నుంచి 1794 దాకా ప్రతి ఎంట్రీకీ మూడు పెన్నీల పన్ను వేశారు. బాప్తిస్మం రాయాలన్నా కట్టాలి, సమాధి రాయాలన్నా కట్టాలి. పరమ పేదలకి మినహాయింపు ఉంది, వాళ్ల పేరు పక్కన 'పి' అక్షరం వేసేవాళ్లు. మూడు పెన్నీలు కట్టలేక, పేదవాళ్లమని రాయించుకోవడం ఇష్టం లేక, చాలామంది పిల్లల్ని తీసుకెళ్లడమే వాయిదా వేశారు. పన్ను ఎత్తేశాక ఒకే రోజు ముగ్గురు నలుగురు పిల్లల్ని నిలబెట్టి చేయించిన కుటుంబాలు కనిపిస్తాయి. కోడలు గారూ, థామస్ పిల్లలందరి తేదీలూ ఒకసారి రాసి చూడండి.

డోర్సెట్_కోడలు
చూశాను. మీరన్నట్టే ఉంది! 1795లో ఒకే ఆదివారం థామస్, ఆన్‌ల పిల్లలు ముగ్గురికి చేయించారు. జేమ్స్, ఎలిజబెత్, చార్లెస్. ఆ తర్వాత విలియం. అంటే ఈ ఇంట్లో ఆలస్యంగా చేయించడం అలవాటే. ఇక 54 ఏళ్ల లెక్కకి అర్థం లేదు.

అసలు సంగతి చెప్తా వినండి. సమాధుల పుస్తకం స్కాను పేజీ పేజీ తిప్పాను. 1803 ఫిబ్రవరిలో 'విలియం, జాన్ మేరీల కొడుకు' అని ఉంది. రాసిన అక్షరం బాగా సన్నం, సిరా గోధుమరంగుకి తిరిగిపోయింది. సైటు ఇండెక్సులో ఈ ఎంట్రీ అసలు లేదు. అందుకే ఎవరికీ దొరకలేదు.

బందరు_బాబ్జీ
అయ్యో పాపం, ఆరేళ్ల పిల్లాడు. వాడి పేరు మీద రెండొందల ఏళ్ల తర్వాత ఎంతమంది మనవలు పుట్టుకొచ్చారో.

లీడ్స్_శ్రీను
ఒక్క నిమిషం. 1813కి ముందు సమాధి ఎంట్రీల్లో వయసు ఉండకపోవచ్చని పైన పాతకాగితం గారే అన్నారు. ఆ ఊళ్లో జాన్, మేరీ అనే జంటలు రెండు ఉంటే? చనిపోయింది వేరే జాన్ కొడుకైతే?

పాతకాగితం
శ్రీను గారు అడిగింది సరైన ప్రశ్న. దానికి పద్ధతి ఉంది. ఆ ఇంటిపేరుతో 1780 నుంచి 1812 దాకా ఉన్న ప్రతి బాప్తిస్మం, పెళ్లి, సమాధి ఒక కాగితం మీదికి ఎక్కించి, జంటల వారీగా విడదీయండి. ఒక తల్లికి పిల్లలు సాధారణంగా రెండు మూడేళ్ల ఎడంలో పుడతారు. నాలుగైదు నెలల తేడాతో 'జాన్, మేరీ' పిల్లలు కనిపించారంటే రెండు జంటలున్నట్టు లెక్క.

పక్క కౌంటీ డెవన్‌లోని కొలిటన్ రిజిస్టర్లు 1538 నుంచి ఉన్నాయి. రిగ్లీ అనే చరిత్రకారుడు సరిగ్గా ఇలాగే ఆ ఊరి కుటుంబాలను ఒక్కొక్కటిగా తిరిగి కట్టి 1966లో ప్రచురించాడు. 1600ల రెండో సగంలో ఆ ఊరి ఆడపిల్లలకి పెళ్లి దాదాపు ముప్పై ఏళ్లకి అయ్యేదని ఈ పేర్లూ తేదీలతోనే తేల్చాడు. తర్వాత 404 పారిష్‌ల రిజిస్టర్లు పట్టుకుని ఇంగ్లండు జనాభా 1541 నుంచి ఎలా మారిందో లెక్క కట్టారు. ఆ ఎంట్రీలను చాలావరకు లెక్కపెట్టి పంపింది ఊళ్లలో ఉండే స్వచ్ఛంద కార్యకర్తలు.

వరంగల్_వెంకట్
ముప్పైకి పెండ్లా! మా నానమ్మ వింటే మూర్ఛ పోతుండే.

వీణ_ఎడిన్‌బరో
అక్కా, వెతికేటప్పుడు 1752కి ముందు తేదీలతో కాస్త జాగ్రత్త. అప్పటి దాకా కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టరులో 1723 ఫిబ్రవరి అని ఉంటే అది 1723 ఏప్రిల్ తర్వాత వస్తుంది, మన లెక్కలో 1724. ఇది పట్టించుకోకపోతే పెళ్లికి ముందే పిల్లలు పుట్టినట్టు, చచ్చిపోయిన తర్వాత బాప్తిస్మం అయినట్టు కనిపిస్తుంది.

గుంటూరు_ఎస్తేరు
1733కి ముందు కొన్ని లాటిన్‌లో కూడా ఉంటాయి కదా? గులీల్మస్ అని ఉంటే విలియం, జకోబస్ అంటే జేమ్స్. మా పాస్టరుగారు చెప్పారు.

పాతకాగితం
అవునమ్మా. పెళ్లికాని తల్లి బిడ్డ అయితే లాటిన్లో 'ప్రజల కొడుకు' అని రాసినవీ కనిపిస్తాయి. కోడలు గారి కేసుకి అది అవసరం పడకపోవచ్చు.

డోర్సెట్_కోడలు
జాబితా కట్టాను. జాన్, మేరీ ఒకే జంట. పిల్లలందరికీ మధ్య రెండేళ్లకి తగ్గకుండా ఎడం ఉంది, ఎక్కడా అడ్డం రాలేదు. ఆ ఊళ్లో ఆ ఇంటిపేరుతో ఇంకో జాన్ పెళ్లి గానీ సమాధి గానీ ఆ రోజుల్లో లేదు.

శ్రీను గారికి ఇంకొకటి. 1804 చివర్లో జాన్, మేరీలకే ఇంకో కొడుకు పుట్టాడు, వాడి పేరు మళ్లీ విలియం! పోయిన పిల్లాడి పేరు తర్వాతివాడికి పెట్టుకున్నారు. ఈ రెండో విలియం 1851 లెక్కల్లో పక్క పారిష్‌లో 46 ఏళ్ల గొర్రెల కాపరిగా దొరికాడు. చెట్లు పెట్టినవాళ్లు ముగ్గురిని కలిపి ఒకడిని చేశారన్నమాట.

లీడ్స్_శ్రీను
అయితే ఒప్పుకోవాల్సిందే. థామస్ కొడుకే మిగిలాడు. కానీ మిగిలాడు కాబట్టి అతనే అనడం వేరు, అతనే అని కాగితం ఉండటం వేరు. పక్క ఊరి నుంచి వచ్చి స్థిరపడ్డ వేరే విలియం అయితే?

పాతకాగితం
ఇదీ మాటంటే. పారిష్ పెట్టె కాగితాలు, అంటే రిజిస్టర్లు కాక పారిష్ దాచుకున్న పేదల సాయం లాంటి కాగితాలు, చూశారా? 1662 చట్టం ప్రకారం పేదవాడికి సాయం చేయాల్సింది అతనికి నివాస హక్కున్న పారిష్. ఒకడు వేరే ఊళ్లో చేయి చాస్తే ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు కూర్చోబెట్టి ఎక్కడ పుట్టావు, తండ్రి ఎవరు, ఎవరి దగ్గర పని చేశావు అని అడిగి వాంగ్మూలం రాసుకునేవాళ్లు. హక్కు మాది కాదు అనిపిస్తే పెళ్లాం పిల్లల్తో సహా సొంత పారిష్‌కి పంపించేసేవాళ్లు. పారిష్ రిజిస్టర్లలో లేని కథంతా ఆ వాంగ్మూలాల్లో ఉంటుంది. మీ కౌంటీవి డార్చెస్టర్‌లోని డోర్సెట్ హిస్టరీ సెంటర్‌లో ఉంటాయి. డోర్సెట్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అని ఊరికొకరు చొప్పున స్వచ్ఛందంగా ఎక్కించే సైటు కూడా ఉంది, డబ్బు అక్కర్లేదు. ముందు అది చూడండి.

కరణంగారి_మనవడు
డోర్సెట్ కూలీల బతుకు ఎంత కటికదో అక్కడి టోల్‌పడిల్ ఊరి కూలీల కేసులోనే తెలుస్తుంది. వారానికి ఏడు షిల్లింగుల కూలీని ఆరు చేస్తామంటే సంఘం పెట్టుకున్నారు. అందులో రహస్య ప్రమాణం చేయించారన్న నేరం మోపి ఆరుగురిని 1834లో ఏడేళ్ల శిక్ష వేసి ఆస్ట్రేలియా పంపేశారు. అలాంటి చోట సాయం అడగని కుటుంబం ఉంటుందా? కాగితం తప్పకుండా ఉంటుంది.

బందరు_బాబ్జీ
పాతకాగితం గారూ, చిన్న పక్క ప్రశ్న. మా బందరులో 1809లో మద్రాసు యూరోపియన్ రెజిమెంటు ఆఫీసర్లు తిరగబడ్డారు. ఆ సోల్జర్లు కూడా ఇలాంటి పల్లెల్లోంచి వచ్చినవాళ్లే కదా. ఇక్కడ పోయినవాళ్ల వివరాలు ఎక్కడుంటాయి?

పాతకాగితం
బాబ్జీ గారూ, మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లు లండను పంపేవాళ్లు. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు కాగితాల్లో ఉన్నాయి. మద్రాసుకి వరస ఎన్ 2. మచిలీపట్నం, విశాఖపట్నం, సికింద్రాబాదు ఎంట్రీలు అందులోనే. ఊళ్లో రిజిస్టరు నుంచి ఒక్కసారిగా మాయమైన కుర్రాళ్లని అక్కడ కూడా వెతకడం మంచిది.

డోర్సెట్_కోడలు
దొరికింది!! చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

1824 వాంగ్మూలం, పక్క పారిష్‌లో పేదల సాయం చూసే ఓవర్‌సీరు కాగితాల్లో. విలియం, వయసు 'సుమారు 27', భార్య సారా, ఇద్దరు చిన్నపిల్లలు. పుట్టింది మా ఊళ్లోనే, తండ్రి థామస్, అతనికి హక్కు ఆ పారిష్‌లోనే ఉందని విన్నానని చెప్పాడు. 'థామస్' అని సిరాతో శుభ్రంగా రాసి ఉంది.

తర్వాత కథ వినండి. పదహారేళ్లప్పుడు ఒక రైతు దగ్గర ఏడాదికి నాలుగు పౌండ్లకి, తిండీ పడకా వాళ్లదే అన్న మాట మీద, లేడీ డే నుంచి లేడీ డే దాకా, అంటే మార్చి 25 నుంచి మళ్లీ మార్చి 25 దాకా పాలేరుగా కుదిరాడు. ఏడాది నిండటానికి వారం ముందు యజమాని డబ్బులిచ్చి ఇక పొమ్మన్నాడు. ఆ తర్వాత ఎవరి దగ్గరా ఏడాది నిండా చేయలేదు. కింద విలియం నిశానీ, ఇంటూ గుర్తు. ఒక గీత పొడుగు, ఒకటి పొట్టి. 1821 పెళ్లి రిజిస్టరులోనూ గుర్తు ఇలాగే ఉంది. దీంతో పాటే భార్యాపిల్లలతో సహా మా ఊరికి పంపించెయ్యమన్న ఉత్తర్వు కూడా ఉంది.

ఆ వారం ముందు ఎందుకు పొమ్మన్నాడు?

పాతకాగితం
పెళ్లికానివాడు ఒక పారిష్‌లో ఏడాది పూర్తిగా కుదురుకుని చేస్తే అతనికి అక్కడ హక్కు వచ్చేది. రేపు ముసలివాడై పడిపోతే ఆ ఊరి రైతులే పన్ను కట్టి పోషించాలి. అందుకని యాభై ఒక్క వారాలకే కుదుర్చుకోవడం, చివరి వారంలో తగువు పెట్టి పంపేయడం బాగా జరిగేది. 1834లో చట్టం మార్చాక కూలికి కుదిరితే హక్కు రావడం అన్నదే తీసేశారు.

మీ కేసు తేలిపోయింది. భార్య పేరు, వయసు, ఊరు, తండ్రి పేరు అన్నీ కలిశాయి. హాయిగా థామస్ అని రాసుకోండి.

కరణంగారి_మనవడు
పదహారేళ్ల పిల్లాడిని వారం ముందు తరిమేశారు. రెండు శతాబ్దాలైనా కోపం వస్తోంది.

లీడ్స్_శ్రీను
కోడలు గారూ, ఇక నాకే సందేహమూ లేదు. ఆ స్కాన్లన్నీ మీ చెట్టుకి జత చేసి పెట్టండి, 1803 సమాధి పేజీతో సహా. తర్వాత వచ్చేవాళ్లు చూస్తారు.

వరంగల్_వెంకట్
మీ మామకు చెప్పినవా అక్కా? ఏమన్నడు?

డోర్సెట్_కోడలు
చెప్పాను వెంకట్. జాన్ వైపు 1600ల దాకా ఉన్నదంతా పోయిందని ముందు కాస్త చిన్నబోయారు. వాంగ్మూలం చదివి వినిపించాక కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ రైతు పేరు ఇంకోసారి చదవమన్నారు. ఆ పొలం ఇప్పటికీ ఉందట, చిన్నప్పుడు ఆయన అక్కడే గడ్డి కోతకి వెళ్లేవారట.

స్కాన్లు అన్నీ జత చేస్తున్నాను. ఇప్పుడు థామస్, ఆన్‌ల పెళ్లి దగ్గర ఆగాను. మా ఊరి రిజిస్టరులో లేదు. వీలునామాలు ఏమైనా సాయపడతాయా?

పాతకాగితం
కూలీలకి వీలునామాలు అరుదు. పైగా డోర్సెట్ ఆర్చ్‌డీకన్ (బిషప్పు కింది చర్చి అధికారి) కోర్టు పాత వీలునామాలు 1731 బ్లాండ్‌ఫర్డ్ అగ్నిప్రమాదంలో చాలా కాలిపోయాయి. పెళ్లి మామూలుగా పెళ్లికూతురి పారిష్‌లో జరుగుతుంది కాబట్టి చుట్టుపక్కల ఏడెనిమిది మైళ్ల లోపు ఊళ్లన్నీ చూడండి. పెళ్లికి ముందు చర్చిలో చదివే పెళ్లి ప్రకటనల పుస్తకం మీ ఊరిదే విడిగా ఉందేమో అడగండి. వధూవరులది వేరే వేరే ఊళ్లయితే రెండు చర్చిల్లోనూ మూడు ఆదివారాలు చదవాలి. పెళ్లి ఎంట్రీ మీ ఊళ్లో లేకపోయినా ప్రకటన ఉండొచ్చు, పిల్లది ఏ ఊరో అందులో రాస్తారు.

డోర్సెట్_కోడలు
ప్రకటనల పుస్తకం ఉంది, 1754 నుంచి! రేపు మొదలుపెడతా.

వీణ_ఎడిన్‌బరో
ఆన్ కోసం వెతికేటప్పుడు హన్నా, నాన్సీ పేర్లు కూడా చూడు అక్కా. అప్పట్లో ఒకే మనిషిని మూడు రకాలుగానూ రాశారు.